బందరు రోడ్డు మీద రాయబారి

కంకిపాడు సెంటర్లో బస్సు కోసం నిలబడితే రెండే దారులు. ఒకవైపు వెళితే ఉయ్యూరు, పామర్రు దాటుకుని బందరు. ఇంకోవైపు వెళితే పోరంకి, కానూరు దాటుకుని బెజవాడ. చిన్నప్పటి నుంచీ మాకది బందరు రోడ్డు, అంతే. ఇంజినీరింగ్‌లో చేరాక ఒకరోజు ఊరికే ఫోన్లో మ్యాప్ చిన్నది చేస్తూ పోతే తెలిసింది, దాని అసలు పేరు 65వ నంబరు జాతీయ రహదారి అని. పుణెలో బయలుదేరి, షోలాపూర్, హైదరాబాద్, విజయవాడ మీదుగా వచ్చి మచిలీపట్నంలో ఆగుతుంది. అంటే మా ఊరి టీకొట్టు ముందు నుంచి ఈ రోడ్డు వదలకుండా పోతే నేరుగా హైదరాబాద్‌లో తేలతామన్నమాట.

కిందటేడాది సెప్టెంబరులో నేను అలాగే వెళ్ళాను. రెండు రోజుల ట్రైనింగ్‌కి. ఒక పెద్ద టెక్ కంపెనీ నన్ను ‘స్టూడెంట్ అంబాసిడర్’గా తీసుకుంది. కంపెనీ పేరు చెప్పను. చెప్పాల్సింది దాని గురించి కాదు, నా గురించి.

జీతం ఎంతిస్తారంట?

మెయిల్ వచ్చిన సాయంత్రం మా ఇంట్లో జరిగిన మాటలివి.

“సెలెక్ట్ అయ్యానమ్మా!”

“జీతం ఎంతిస్తారంట?”

“జీతం ఉండదు.”

“మరి?”

“టీషర్టు ఇస్తారు. సర్టిఫికెట్ ఇస్తారు.”

అమ్మ ఇంకేం అడగలేదు. పొయ్యి మీద పాలు పొంగుతాయని లోపలికెళ్ళిపోయింది. వసారాలో మంచం మీద పడుకున్న తాతయ్య మాత్రం ఆసక్తిగా తల తిప్పాడు.

“అంబాసిడరంటే కారు కదే అమ్మడూ?”

“కారు కాదు తాతయ్యా. రాయబారి.”

అంతే, లేచి కూర్చున్నాడు. మా తాతయ్య వయసులో ఉన్నప్పుడు ఊళ్ళో నాటకాలు ఆడినవాడు. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ అంటే కృష్ణా జిల్లా పల్లెల్లో ఒక తరానికి తెల్లవార్లూ జాగారమే. ఆ జంటకవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు మా రోడ్డు చివరున్న బందరులోనే హైస్కూల్లో తెలుగు చెప్పారు. ఆ నాటకాల్లో కృష్ణుడు కౌరవ సభకి రాయబారం వెళ్ళే ఘట్టం ఉంది చూశారూ, దానికోసమే జనం బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళట. తాతయ్యకి ఏనాడూ కృష్ణుడి వేషం దక్కలేదు. సహదేవుడి వేషం వేసేవాడు. కానీ అందరి పద్యాలూ నోటికొచ్చు.

“రాయబారి అంటే చిన్న పని కాదే. ఇటు మాట అటు చెప్పడమే కాదు, అటు సంగతి చూసి ఇటొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఒక్కవైపే మోసేవాడు రాయబారి కాదు, తపాలా బంట్రోతు.”

అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఆ మాట మళ్ళీ మూడు నెలలకి గుర్తొచ్చింది.

అసలేంటీ అంబాసిడర్ ఉద్యోగం?

ఈ ప్రోగ్రామ్‌లు కొత్తవేం కాదు. మైక్రోసాఫ్ట్ 2001లోనే ‘స్టూడెంట్ పార్ట్‌నర్స్’ పేరుతో మొదలుపెట్టింది. 2020లో దాని పేరు ‘లెర్న్ స్టూడెంట్ అంబాసిడర్స్’గా మారింది. గూగుల్ నడిపిన ‘డెవలపర్ స్టూడెంట్ క్లబ్స్’ 2024లో ‘గూగుల్ డెవలపర్ గ్రూప్స్ ఆన్ క్యాంపస్’ అయ్యాయి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లాకీ ఒకప్పుడు కాలేజీల్లో అంబాసిడర్లు ఉండేవాళ్ళు. (నా కథకీ ఈ పేర్లకీ ముడిపెట్టకండి. అందరికీ తెలిసినవని చెప్తున్నానంతే.)

పద్ధతి మాత్రం అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే. అప్లికేషన్ పెట్టాలి, ఎందుకు చేరాలనుకుంటున్నారో రాయాలి, కొన్నిచోట్ల చిన్న వీడియో పంపాలి. సెలెక్ట్ అయితే ట్రైనింగ్. ఆ తర్వాత కాలేజీలో వర్క్‌షాపులు పెట్టాలి, నెలనెలా ఆన్‌లైన్ మీటింగ్‌లో కూర్చోవాలి, చేసిన పని రిపోర్టు చెయ్యాలి. పని పెరిగేకొద్దీ లెవెల్ పెరుగుతుంది. బదులుగా కోర్సులు, సాఫ్ట్‌వేర్, సర్టిఫికెట్, నాలుగు పరిచయాలు.

మరి కంపెనీకేంటి లాభం? కాలేజీలో ఏ టూల్ మీద చెయ్యి తిరుగుతుందో, ఉద్యోగంలో చేరాక కూడా మనసు దానివైపే పోతుంది. మా ఇంట్లో తాతయ్య కాలం నుంచీ ఒకే కొట్లో విత్తనాలు కొంటాం. అలవాటు. ఆ అలవాటు చెయ్యడానికి కంపెనీకి మనిషి కావాలి. టీవీ యాడ్ కంటే పక్క బెంచీ ఫ్రెండ్ మాట గట్టిగా పనిచేస్తుంది. ఆ ఫ్రెండ్‌నే అంబాసిడర్ అంటారు. ఇందులో తప్పేం లేదు. కాకపోతే ఆ సంగతి తెలిసే చెయ్యాలి.

బ్యారేజీ పక్కనుంచి అమీర్‌పేట దాకా

బయలుదేరిన రోజు తెల్లారకముందే నాన్న సెంటర్లో దింపాడు. గంగూరు, పెనమలూరు, పోరంకి, తాడిగడప, కానూరు. ఈ దారిలో వరిచేలకీ కాలేజీలకీ మధ్య గోడే అడ్డం. ఒకవైపు నాట్లు పడిన మడి, ఇంకోవైపు ‘అడ్మిషన్లు జరుగుచున్నవి’ బోర్డు. కానూరు సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీ 1977లో మొదలైంది. అప్పటి నుంచీ ఈ రోడ్డు మీద పొద్దున్నే వచ్చే బస్సుల్లో సగం మంది స్టూడెంట్లే.

ఆటోనగర్ దగ్గరికి వచ్చేసరికి వెల్డింగ్ వాసన. లారీ బాడీలు కట్టే షెడ్లు ఇంకా తెరవలేదు. మేస్త్రీ దగ్గర చేరి, పానాలు అందిస్తూ పని నేర్చుకునే కుర్రాళ్ళు ఆ షెడ్లలో ఎంతమందో. వాళ్ళదీ ఒకరకం ట్రైనింగే, సర్టిఫికెట్ ఉండదంతే.

బస్టాండులో హైదరాబాద్ బస్సెక్కి, కనకదుర్గ ఫ్లైఓవర్ మీదికి వచ్చేసరికి తెల్లారింది. ఎడమవైపు ప్రకాశం బ్యారేజీ. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో వచ్చింది. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ ఇక్కడే పుడతాయి. మా తూర్పు డెల్టా అన్నం తినేది ఆ నీళ్ళతోనే. ఇంత నీరు చూస్తూ పెరిగినదాన్ని, నందిగామ, జగ్గయ్యపేట దాటి కోదాడ వైపు వెళ్తుంటే రంగు మారుతున్న నేలని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. సూర్యాపేట దగ్గర టీ తాగాం. మధ్యాహ్నానికి వనస్థలిపురంలో పిన్ని ఇంట్లో ఉన్నాను.

మర్నాడు ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కాను. రాయదుర్గం వెళ్ళాలంటే అమీర్‌పేటలో రైలు మారాలి. మారేముందు స్టేషన్ బయటికి ఒకసారి దిగి చూశాను. మా సీనియర్లంతా చెప్పే అమీర్‌పేట ఇదేనా అని. ఒక బిల్డింగ్‌కి పది బోర్డులు. జావా, పైథాన్, టెస్టింగ్, డేటా సైన్స్, క్లౌడ్. కింద టిఫిన్ బండి దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్ళలో ఇద్దరు మా యాసలోనే మాట్లాడుకుంటున్నారు. ఎవరో భోజనం మానేసి మిగిల్చిన డబ్బుతో ఫీజు కట్టిన కోర్సు, ఇంకెవరికో టీషర్టుతో సహా ఫ్రీగా వస్తోంది. నాకొచ్చిన అవకాశం విలువ కంపెనీ మెయిల్ చదివినప్పటికంటే ఆ బండి దగ్గరే బాగా తెలిసింది.

“విజయవాడ” అని అబద్ధం చెప్పాను

ట్రైనింగ్ హాల్లో ఏసీ చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మెడలో వేసుకోడానికి ట్యాగ్, ల్యాప్‌టాప్ మీద అతికించుకోడానికి స్టిక్కర్లు, రెండు సైజులు పెద్దదైన టీషర్టు. గుండ్రంగా కూర్చోబెట్టి పరిచయాలు మొదలుపెట్టారు. పేరు, కాలేజీ, ఊరు చెప్పాలి.

బెంగళూరు, చెన్నై, హైదరాబాద్, హైదరాబాద్, విశాఖ... నా వంతొచ్చింది. “విజయవాడ” అన్నాను.

పదిహేను కిలోమీటర్లే కదా తేడా అని సర్దిచెప్పుకున్నాను. నా పక్కనున్న అబ్బాయి లేచి, “భీమవరం సార్” అన్నాడు, వాళ్ళ ఊరి పేరు ప్రపంచంలో తెలియనివాళ్ళు ఉండరన్నట్టు. అప్పుడు సిగ్గేసింది. కానీ అప్పటికే నా పేరు పక్కన విజయవాడ అని రాసేసుకున్నారు.

మొదటిరోజంతా క్లాసులు. వర్క్‌షాప్ ఎలా పెట్టాలి, పోస్టర్ ఎలా చెయ్యాలి, ఎవరైనా అడిగినదానికి సమాధానం తెలియకపోతే ఏం చెప్పాలి. ఈ ఆఖరిది నాకు బాగా నచ్చింది. ‘తెలియదు, కనుక్కుని చెప్తాను’ అనడం చేతకాకే మనలో సగంమంది స్టేజీ ఎక్కరు. చేతకాని మరో సగం స్టేజీ ఎక్కి ఏదో ఒకటి చెప్పేస్తారు.

రెండోరోజు మాక్ సెషన్. ఒక్కొక్కరూ అయిదు నిమిషాల్లో ఒక విషయం వివరించాలి. నాకు చీటీలో వచ్చింది ‘క్లౌడ్ కంప్యూటింగ్’. రాత్రి పిన్ని ఇంట్లో బట్టీపట్టిన ఇంగ్లిష్ మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది. గొంతులో తడి ఆరిపోయింది. ట్రైనింగ్ ఇస్తున్న మేడమ్ కాసేపు చూసి, “మీ కాలేజీలో పిల్లలకి ఏ భాషలో చెప్తావు?” అని అడిగారు. తెలుగులో అన్నాను. “అయితే తెలుగులోనే చెప్పు. వీళ్ళల్లో సగంమందికి అర్థమవుతుంది, మిగతావాళ్ళు నీ మొహం చూసి అర్థం చేసుకుంటారు.”

అప్పుడు చెప్పాను. “మా ఊళ్ళో రెండెకరాల రైతు వరికోత మిషన్ కొనడు. కొంటే ఏడాదిలో నాలుగు రోజులు వాడి, మిగతా రోజులు పాకలో పెట్టి కాపలా కాయాలి. అందుకే కోతలప్పుడు గంటల లెక్కన అద్దెకి తెచ్చుకుంటాడు. పని అవగానే పంపించేస్తాడు. క్లౌడ్ కూడా అంతే. పెద్ద కంప్యూటర్ మనం కొనక్కర్లేదు. ఎక్కడో ఉన్నదాన్ని గంటల లెక్కన అద్దెకి తీసుకుంటాం. పని లేకుండా మిషన్‌ని చేలో ఆన్ చేసి నిలబెడితే అద్దె ఊరికే పెరిగినట్టు, ఇక్కడా ఆపకపోతే మీటరు తిరుగుతూనే ఉంటుంది.”

చప్పట్లు కొట్టారు. భీమవరం అబ్బాయి ఈల కూడా వేశాడు. తిరుగు బస్సులో ఆ ఈల తలచుకుంటూనే నిద్రపోయాను.

నేను చెప్పిన ఆఖరి వాక్యం గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయింది దాన్నే.

నెలకి వంద మంది

తిరిగొచ్చాక కాలేజీలో నా హోదా మారిపోయింది. సార్లు పేరు పెట్టి పలకరిస్తున్నారు. జూనియర్లు “అక్కా, మాకూ చెప్పక్కా” అని వెంటపడుతున్నారు. గ్రూప్‌లో లీడర్‌బోర్డు పెట్టారు. ఎవరి లింకు ద్వారా ఎంతమంది చేరితే వాళ్ళకన్ని పాయింట్లు. టార్గెట్ వంద. టాప్‌లో ఉన్నవాళ్ళ ఫొటోలు కంపెనీ పేజీలో వేస్తారట.

పొద్దున్న లేవగానే చూసేది లీడర్‌బోర్డే. మొదటి వర్క్‌షాప్‌కి ముప్ఫై మంది. రెండోదానికి ల్యాబ్ నిండిపోయింది. ‘సైన్‌అప్ చెయ్యండి, తర్వాత చెప్తాను’ అనేదాన్ని. రెండో వారానికి అరవై మూడు దగ్గరున్నాను.

ఫ్రీ అకౌంట్ తెరిచే పేజీలో ఒకచోట కార్డు వివరాలు అడుగుతుంది. అక్కడ అందరూ ఆగిపోయేవాళ్ళు.

“ఏం కట్ అవదక్కా?”

“ఏం కట్ అవదురా. రెండు రూపాయలు తీసుకుని వెనక్కి ఇచ్చేస్తారు. చెకింగ్ కోసం.”

ట్రైనింగ్‌లో నేర్పింది ‘తెలియకపోతే తెలియదని చెప్పు’ అని. నేను చెప్పింది ‘ఏం కట్ అవదు’ అని. షరతులు చదివి చెప్పానా? లేదు.

సెకండియర్ కుర్రాడొకడు వాళ్ళ నాన్న డెబిట్ కార్డు పెట్టాడు. ఫ్రీగా ఇచ్చేది చిన్న మిషన్ మాత్రమే. వాడు ప్రాజెక్టు త్వరగా అవుతుందని పెద్దది ఎంచుకున్నాడు. పని అయ్యాక ల్యాప్‌టాప్ మూసేశాడు. మన ల్యాప్‌టాప్ మూస్తే అక్కడెక్కడో తిరుగుతున్న మిషన్ ఆగదు. దాన్ని విడిగా ఆపాలి, ఇంకా గట్టిగా చెప్పాలంటే తీసెయ్యాలి. ఆ సంగతి నేను హైదరాబాద్‌లో యాభై మంది ముందు వరికోత మిషన్ పోలికతో చెప్పాను. మా ల్యాబ్‌లో మాత్రం చెప్పలేదు. తొందరలో ఉన్నాను కదా.

డిసెంబరు మొదటి వారంలో వాళ్ళ నాన్న ఖాతాలోంచి 4,180 రూపాయలు పోయాయి.

“నువ్వు చెప్పావనే పెట్టాడమ్మా”

వాడు నా దగ్గరికొచ్చి ఏడవలేదు, తిట్టలేదు. “అక్కా, నాన్నకి నువ్వొకసారి చెప్తావా? నేను చెప్తే ఆన్‌లైన్ ఆటలు ఆడాననుకుంటున్నాడు” అన్నాడు. అది తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

ఆదివారం వాళ్ళ ఊరెళ్ళాను. దారి పొడుగునా కోతలు. వాళ్ళది కౌలు చేను. చెప్పులు గుమ్మం బయట వదిలి అరుగు మీద కూర్చుంటే, వాళ్ళమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. వాళ్ళ నాన్న ఫోన్ నా చేతికిచ్చాడు.

“ఏంటమ్మా ఇది? బ్యాంకోళ్ళు తీశారంటారు, వీడేమో కంప్యూటరంటాడు. మిషనోడికి ఇవ్వాలని ఉంచుకున్న డబ్బులమ్మా అవి.”

కోత మిషన్ అద్దెకి ఉంచుకున్న డబ్బు. నేను మాట్లాడలేకపోయాను.

మెసేజ్‌లు వెనక్కి జరుపుతూ పోతే దొరికింది. డబ్బు పోవడానికి ముందురోజే బ్యాంకు పంపింది. ఫలానా కంపెనీకి, ఇంత మొత్తం, ఫలానా తేదీన వెళుతుంది, వద్దనుకుంటే ఇక్కడ రద్దు చేసుకోండి అని. మొత్తం ఇంగ్లిష్‌లో. పైనా కిందా లోన్ ఇస్తామనే యాడ్ మెసేజ్‌లు. మధ్యలో ఇదొకటి. ఆయన దీన్నీ యాడ్ అనే అనుకున్నాడు.

ఇది మీరూ తెలుసుకోండి, పనికొస్తుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమల్లో ఉంది. కార్డు నుంచి ఆటోమేటిగ్గా డబ్బు తీసుకునే ప్రతిసారీ కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకి చెప్పాలి. మామూలు చెల్లింపుల్లో మొత్తం 15,000 రూపాయలు దాటితే ఓటీపీ లేకుండా తీసుకోకూడదు. దాటకపోతే ఆ మెసేజ్ ఒక్కటే మన కాపలా. అంటే చట్టం తన పని చేసింది, బ్యాంకు తన పని చేసింది. ఆ ఇంటికి అర్థమయ్యే భాషలో ఒక్క ముక్క చెప్పాల్సిన మనిషి మాత్రం లీడర్‌బోర్డు చూసుకుంటూ కూర్చుంది.

“తప్పు వాడిది కాదు బాబాయ్ గారూ. నాది. పూర్తిగా తెలుసుకోకుండా చెప్పాను” అన్నాను.

ఆయన కోప్పడలేదు. “నువ్వు చెప్పావనే పెట్టాడమ్మా. కంపెనీ మొహం మాకేం తెలుసు?” అన్నాడంతే.

అప్పుడు గుర్తొచ్చింది తాతయ్య మాట. ఆయనకి కంపెనీ అంటే నేనే. నా మొహం చూసి కార్డు ఇచ్చాడు.

ఆ అరుగు మీదే కూర్చుని ముందు ఆ మిషన్ తీసేశాం. తర్వాత ఆటోమేటిక్ చెల్లింపు రద్దు చేశాం. ఆ పైన కంపెనీ సపోర్ట్‌కి రాశాం. స్టూడెంట్ అని, తెలియక జరిగిందని, మళ్ళీ జరక్కుండా ఏం చేశామో కూడా. తొమ్మిదో రోజున డబ్బు వెనక్కి వచ్చింది, ఈ ఒక్కసారికి అని గట్టిగా చెప్తూ. అందరికీ ఇలా వస్తుందన్న గ్యారంటీ లేదు. వాళ్ళకి మాత్రం మిషన్ అద్దె ఆ తొమ్మిది రోజులూ అప్పే.

తిరుగు రాయబారం

ఆ నెల ఆన్‌లైన్ మీటింగ్‌లో చివర్లో ‘ఎవరికైనా ఏమైనా చెప్పాలనుందా’ అని అడిగారు. మామూలుగా అందరం థమ్సప్ గుర్తు పెట్టి బయటికొచ్చేస్తాం. నేను మైక్ ఆన్ చేశాను. నా ఇంగ్లిష్ ఈసారీ తడబడింది. పర్లేదనుకున్నాను.

మూడు మాటలు చెప్పాను. ఒకటి, కార్డు గురించీ, మిషన్ ఆపడం గురించీ మొదటి స్లైడ్‌లోనే ఉండాలి, ఆఖర్లో కాదు. రెండు, ఖర్చు ఇంత దాటితే హెచ్చరిక పంపమని సెట్ చెయ్యడం వర్క్‌షాప్‌లో అందరిచేతా చేయించాలి. మూడు, చేరినవాళ్ళ సంఖ్యకి కాదు, ఏదైనా పూర్తిచేసినవాళ్ళ సంఖ్యకి పాయింట్లివ్వాలి. దానితోపాటు జరిగింది కూడా చెప్పాను, నా పొరపాటుతో సహా.

కాసేపు నిశ్శబ్దం. “నోట్ చేసుకున్నాం” అన్నారు. లీడర్‌బోర్డు అలాగే ఉంది. తర్వాతి నెల పంపిన స్లైడ్లలో మాత్రం ఖర్చు హెచ్చరిక ఎలా పెట్టుకోవాలో ఒక పేజీ కొత్తగా చేరింది. నా మాటకే చేర్చారో, ఇంకెన్ని ఊళ్ళ నుంచి ఎంతమంది ఇదే మాట మోసుకెళ్ళారో.

తాతయ్యకి చెబితే, “సంధి కుదిరిందా మరి?” అని అడిగాడు.

“సగం.”

“నయమే. కృష్ణుడికి అదీ కుదర్లేదు” అన్నాడు.

ఇప్పుడు మా ల్యాబ్‌లో వర్క్‌షాప్ మొత్తం తెలుగులోనే. బోర్డు మీద మొదట రాసేది ‘అమ్మానాన్నల కార్డు పెట్టొద్దు’. కార్డు అడగని దారులు ముందు వాడదాం అంటాను. ఉదాహరణకి మైక్రోసాఫ్ట్ ‘అజూర్ ఫర్ స్టూడెంట్స్’కి కార్డు అక్కర్లేదు, కాలేజీ మెయిల్‌తో స్టూడెంట్ అని రుజువు చేసుకుంటే 100 డాలర్ల విలువైన వాడకం ఇస్తారు. అది అయిపోతే ఆగిపోతుంది, నాన్న ఖాతా జోలికి రాదు. రెండోది, క్లాసు ముగిసే ముందు పది నిమిషాలు అందరం కలిసి మిషన్లు తీసేస్తాం. అదయ్యాకే హాజరు. దాన్ని మా పిల్లలు ‘కోత మిషన్ పంపించెయ్యడం’ అంటారు. ఆ పేరు పెట్టింది ఎవరనుకున్నారు? ఆ సెకండియర్ కుర్రాడే. ఇప్పుడు నాతోపాటు క్లాసు చెప్తున్నాడు.

నా లెక్క వంద దాటలేదు. డెబ్భై ఒకటి దగ్గర ఆగింది. వాళ్ళలో పంతొమ్మిది మంది చిన్నదో పెద్దదో ఒక ప్రాజెక్టు పూర్తిచేశారు. ఒకమ్మాయి వాళ్ళ వీధిలో పాలు పోసేవాళ్ళకి నెలవారీ లెక్క చూపించే పేజీ చేసింది. తెలుగులో.

అయితే చేరొద్దంటారా?

అనను. అమీర్‌పేటలో ప్లేటు పట్టుకుని నిలబడ్డ ఆ కుర్రాళ్ళని చూశాక ఎలా అంటాను? మన కాలేజీల నుంచి హైదరాబాద్ దాకా వేసిన వంతెనల్లో ఇదొకటి. గన్నవరం దగ్గర కేసరపల్లిలో హెచ్‌సీఎల్ క్యాంపస్ వచ్చినా, మంచి శిక్షణ ఇంకా మన గడప దాకా రాలేదు. వచ్చిన అవకాశం వదులుకోవద్దు.

కానీ మొజిల్లా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 2014 ఆగస్టులో మన దేశంలో ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌తో ఇంటెక్స్ ఫోన్ ఒకటి వచ్చింది. ధర 1,999 రూపాయలు. తక్కువ ధరకి స్మార్ట్‌ఫోన్ అని గట్టిగా ప్రచారం జరిగింది. 2015 డిసెంబరుకల్లా ఆ ఫోన్లని వదిలేస్తున్నట్టు మొజిల్లా ప్రకటించింది. ఫోన్ పోయింది. దానికి యాప్‌లు చెయ్యడం కోసం హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్ నేర్చుకున్నవాళ్ళ విద్య మాత్రం పోలేదు, ఇవాళ్టికీ అన్నం పెడుతుంది. కంపెనీ వస్తువు ఉంటుంది, పోతుంది. నేర్చుకున్నది మనది. మనల్ని నమ్మినవాళ్ళూ మనవాళ్ళే, ఊళ్ళో రేపు మళ్ళీ వాళ్ళకే మొహం చూపించాలి.

మొన్న కొత్త బ్యాచ్‌తో ఆన్‌లైన్ పరిచయాలు జరిగాయి. పేరు, కాలేజీ, ఊరు.

“కంకిపాడు” అన్నాను.

ఎక్కడుందది అని చాట్‌లో ఎవరో అడిగారు. టైప్ చేశాను: హైదరాబాద్‌లో 65వ నంబరు రోడ్డెక్కి, అది వదలకుండా వచ్చెయ్యండి. బందరు కంటే ముందే వస్తాం.